పిక్కల మీద అప్పు: ఒడిశా సరిహద్దులో సరుకు తాకట్టు పెట్టేవారు, కొనేవారు చూసుకోవలసినవి

గజపతి జిల్లా కొండల్లో ఏరిన జీడిపిక్కల్ని పర్లాకిమిడి వ్యాపారి కొంటాడు. పెట్టుబడి బరంపురం బ్యాంకుది. పిక్క ఒలిచేది ఆంధ్ర వైపు కాశీబుగ్గ ఫ్యాక్టరీలో. ఈ దారిలో ఎక్కడ ఆగి అడిగినా, ‘ఈ సరుకు మీద మొదటి హక్కు ఎవరిది?’ అన్నదానికి ఒకే చోట జవాబు దొరకదు. నాలుగైదు చోట్ల వెతుక్కోవాలి. ఎక్కడెక్కడ వెతకాలో, కాగితం ఎలా రాయించుకోవాలో, ఏది ఎక్కడ బెడిసికొడుతుందో ఈ వ్యాసంలో ఉంది. ఇలాంటి ప్రశ్నకి ఒకే చోట జవాబు దొరకాలని దేశాలు కూడబలుక్కుని తయారుచేసిన నమూనా చట్టాలూ కొన్ని ఉన్నాయి. అవి మనకి పనికొచ్చే చోటల్లా వాటి గురించీ చెప్పాం.

ఈ ప్రాంతానికి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ చాలామందికి భూమి తాకట్టు అక్కరకు రాదు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా కిందకి వస్తాయి. అక్కడ గిరిజనుల భూమి చేతులు మారకుండా ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్, ఆంధ్ర వైపు 1 ఆఫ్ 70 కాపు కాస్తున్నాయి. కాయాలి కూడా. పైగా బాకీ తీరని ఆస్తిని బ్యాంకులు కోర్టుకి వెళ్ళకుండానే జప్తు చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం ఉంది కానీ, దాని సెక్షన్ 31 ప్రకారం వ్యవసాయ భూమి మీది తనఖాకి ఆ చట్టమే వర్తించదు. ఇక అప్పుకి ఆధారంగా మిగిలేవి సరుకు, యంత్రం, బండి, రావలసిన బాకీ.

తాకట్టా, హైపోథికేషనా?

రెండూ ఒకటే అనుకుని సంతకం పెట్టేవాళ్ళు చాలామంది. సరుకు మీ చేతిలోంచి అప్పిచ్చినవాడి చేతికి వెళ్తే అది తాకట్టు. దానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 172 ఉంది. అప్పు తీర్చకపోతే తగినంత ముందుగా నోటీసిచ్చి, కోర్టుకి వెళ్ళకుండానే సరుకు అమ్ముకోవచ్చని సెక్షన్ 176 చెబుతుంది. సరుకు మీ గోడౌన్‌లోనే ఉండి, దాని మీద హక్కు మాత్రం బ్యాంకుకి రాసిస్తే అది హైపోథికేషన్. దీని నిర్వచనం 2002 నాటి సర్ఫేసీ చట్టంలో ఉంది. తాకట్టు ఆ చట్టం పరిధిలోకి రాదు, హైపోథికేషన్ వస్తుంది.

షావుకారు సీజన్ ముందు ఇచ్చే పెట్టుబడి ఈ రెండింట్లో దేనిలోకీ రాదు. ‘పంట రాగానే నాకే తూయాలి’ అన్నది నోటిమాట, మహా అయితే చిట్టా పద్దు. అదే రైతు సంఘం ద్వారా బ్యాంకు అప్పు కూడా తీసుకుని ఉంటే గొడవ అక్కడే మొదలవుతుంది.

పేరేదైనా పని ఒకటే అయితే చట్టమూ ఒకటే ఉండాలన్నది ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం అన్‌సిట్రాల్ 2016లో ఆమోదించిన నమూనా చట్టానికి మూలసూత్రం. తాకట్టు, హైపోథికేషన్, వాయిదాల మీద యంత్రం ఇచ్చి బాకీ తీరేదాకా యాజమాన్యం అట్టిపెట్టుకోవడం, అన్నీ ఒకే గూట్లోకి వస్తాయి. ఈ ఆలోచన పుట్టిల్లు అమెరికా వాణిజ్య స్మృతిలోని తొమ్మిదో అధ్యాయం. కెనడా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దాన్ని తమ తీరున మలుచుకున్నాయి. మనం ఇంకా వేరువేరు గూళ్ళలోనే ఉన్నాం. అందుకే వెతుకులాట.

ముందు ఎక్కడ వెతకాలి

సరుకు కొనేముందైనా, దాని మీద అప్పిచ్చేముందైనా ఈ వరుసలో చూడండి.

మొదట సెర్సాయ్, అంటే అప్పులకి హామీగా పెట్టిన ఆస్తుల కేంద్ర రిజిస్ట్రీ. 2011 మార్చి 31న మొదలైంది. మొదట్లో స్థిరాస్తి తనఖాలే ఉండేవి. 2016 నుంచి యంత్రాలు, సరుకు నిల్వలు, రావలసిన బాకీల మీది హైపోథికేషన్ కూడా నమోదవుతోంది. ఎవరైనా వెతకొచ్చు. ఒక్కో సెర్చికి 10 రూపాయలు, పైన జీఎస్టీ. ఆస్తి వివరంతో ఒకసారి, అప్పుదారు వివరంతో ఇంకోసారి, రెండు విధాలుగానూ వెతకండి. ఒకదాంట్లో రానిది రెండోదాంట్లో వస్తుంది.

మన సరిహద్దులో ప్రత్యేకంగా తగిలే చిక్కు పేరు దగ్గర. తెలుగువారికి ఇంటిపేరు ముందు, ఒడియావారికి చివర. బరంపురంలో స్థిరపడిన తెలుగు వ్యాపారి ఆధార్‌లో ఇంటిపేరు ఇనీషియల్‌గా ముందుంటుంది, పాన్‌లో పూర్తిగా చివరకి పోతుంది, కరెంటు బిల్లులో అసలుండదు. ఇంగ్లీషు స్పెల్లింగు కొస్తే ‘రావు’ అన్న రెండక్షరాల్నే మూడు రకాలుగా రాస్తారు. కాబట్టి పేరుతో వెతికి ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండొద్దు, పాన్ నంబరుతో వెతకండి. ‘ఫలానా ట్రేడర్స్’ అన్నది సొంత వ్యాపారమైతే అప్పుదారు ఆ బోర్డు కాదు, యజమాని. పాన్ కూడా యజమానిదే అడగాలి. రిజిస్ట్రీల గురించి అన్‌సిట్రాల్ 2013లో వేసిన మార్గదర్శిలో ఈ పేర్ల సంగతికి చాలా చోటిచ్చారు. అప్పుదారు పేరు ఏ ప్రభుత్వ పత్రం ప్రకారం రాయాలో చట్టమే చెప్పాలి, ఆ పేరుతో వెతికితే బయటపడని నమోదు చెల్లకూడదు అన్నది అందులోని సారాంశం.

రెండోది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర. అప్పుదారు కంపెనీ అయితేనే ఇది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 77 ప్రకారం ఛార్జి (కంపెనీ ఆస్తి మీద అప్పిచ్చినవాడి హక్కు) ఏర్పడిన 30 రోజుల్లో సీహెచ్‌జీ-1 ఫారంతో నమోదు చేయాలి. ఆలస్యమైతే అదనపు రుసుము కట్టాలి. మొత్తం 120 రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైటులో ఛార్జీల పట్టిక చూడొచ్చు. అప్పు తీరిపోయినా, ఆ సంగతి తెలిపే సీహెచ్‌జీ-4 ఫారం వేయక, పాత ఛార్జి ఏళ్ళ తరబడి అలాగే కనిపించడం మామూలు. కొత్త బ్యాంకు దాన్ని చూసి వెనక్కి తగ్గుతుంది. బాకీ తీర్చిన రోజే ‘నో డ్యూస్’తో పాటు ఛార్జి తీసేసినట్టు రుజువు కూడా అడిగి పుచ్చుకోండి. సెర్సాయ్‌లో ఉన్న నమోదుకీ ఇదే మాట.

మూడోది వాహన్, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ల వెబ్‌సైటు. ట్రాక్టరు, లారీ, ఆటో ఏదైనా ఆర్‌సీ మీద హైపోథికేషన్ పేరుందేమో చూడండి. ఫైనాన్స్ తీరితే ఫారం 35, ఒడిశా బండిని ఆంధ్రకి మార్పించాలంటే ఫారం 28 కావాలి. ఫైనాన్స్ కంపెనీ ఉత్తరం చేతిలో ఉంది కదా అని ఫారం 35 ఆర్టీఓలో వేయకుండా బండి అమ్మేస్తారు. కొన్నవాడు తిరుగుతూ ఉంటాడు.

నాలుగోది గిడ్డంగి రసీదుల రిపాజిటరీ. దాని సంగతి కింద వస్తుంది.

ఐదోది ఏ కంప్యూటరులోనూ లేదు. గోడౌన్‌కి స్వయంగా వెళ్ళాలి. తలుపు పక్కన ‘ఈ సరుకు ఫలానా బ్యాంకుకి హైపోథికేట్ చేయబడినది’ అన్న బోర్డు ఉందా? లేకపోతే, మేకులు పీకిన గుర్తులున్నాయా? గోడౌన్ అద్దెదైతే యజమానిని అడగండి: “బాబూ, అద్దె బాకీ ఏమైనా ఉందా? సరుకు బయటికి తీస్తే అడ్డు పెట్టరు కదా?” నోటితో సరే అంటే చాలదు, రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి. ఈ బోర్డుల పద్ధతి పాతకాలపుదే కానీ, సరుకు చూడ్డానికి వచ్చినవాడికి నోటీసు ఇచ్చే సాధనం ఇప్పటికీ ఇదే.

సరుకు వివరం ఎలా రాయాలి

హైపోథికేషన్ పత్రంలో ‘గోడౌన్‌లోని జీడిపిక్కలు’ అని రాసి వదిలేస్తే, పిక్క ఒలిచి పప్పయిన రోజున ఆ పప్పు ఎవరిదన్న తగవు వస్తుంది. ఇలా రాయించండి:

‘పర్లాకిమిడి తహసీలు, ఫలానా మౌజా, ఖాతా నంబరు ఇంత, ప్లాట్ నంబరు ఇంతలోని గోడౌన్‌లోనూ, కాశీబుగ్గలో ఫలానా చిరునామాలోని ఫ్యాక్టరీలోనూ, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దారిలోనూ ఇప్పుడున్న, ఇకమీదట వచ్చే జీడిపిక్కలు, వాటి నుంచి వచ్చే పప్పు, తొక్క, వాటిని అమ్మగా వచ్చిన, రావలసిన డబ్బు.’

ఒడిశాలో భూమి గుర్తు మౌజా, ఖాతా, ప్లాట్. ఆంధ్రలో సర్వే నంబరు, రీసర్వే అయిన ఊళ్ళలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు. ఒకదాన్ని రెండోదాని గడిలో రాసిన పత్రాలు ఎన్నో తిరుగుతున్నాయి. తొక్కని మరిచిపోవద్దు. నూనె తీసేవాళ్ళు డబ్బిచ్చి కొంటారు కాబట్టి అదీ సరుకే. నమూనా చట్టమైతే సరుకు రూపం మారినా, ఇంకోదాంట్లో కలిసినా, అమ్మి డబ్బయినా హక్కు దాని వెంటే వెళ్తుందని స్వయంగా చెబుతుంది. మన దగ్గర పత్రంలో రాసుకున్నదే బలం.

స్టాంపు సంగతి కూడా ఇక్కడే. పత్రం బరంపురంలో రాసి, పలాస కోర్టులో చూపాల్సి వస్తే, ఆంధ్ర రేటు ఎక్కువైతే తేడా కట్టాలి. స్టాంపు తక్కువైన పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు. తీసుకోవాలంటే తక్కువైన దానికి పదింతల దాకా జరిమానా పడొచ్చు. వంద రూపాయల దగ్గర పొదుపు చేసే చోటు కాదిది.

రాష్ట్ర సరిహద్దు దాటేటప్పుడు

పిక్కల్ని ఒలవడానికి పంపుతున్నారు, అమ్మడం లేదు. కాగితంలో ఆ తేడా కనిపించాలి. ఇన్వాయిస్ కాదు, డెలివరీ చలానా రాయాలి, ‘జాబ్ వర్క్ కొరకు’ అని పైన ఉండాలి. రాష్ట్రం దాటి జాబ్ వర్కుకి వెళ్ళే సరుకుకి విలువ ఎంత తక్కువైనా జీఎస్టీ రవాణా పత్రమైన ఈ-వే బిల్లు తప్పదు. ఏడాదిలోపు సరుకు తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. చలానా సరిగ్గా ఉంటే, రేపు ఫ్యాక్టరీవాడి అప్పులవాళ్ళు వచ్చి బస్తాల మీద చెయ్యి వేసినా, ఇది అతని సరుకు కాదని చూపించగలరు.

ఒక్క మినహాయింపుంది. ఒలిచిన కూలి బాకీ ఉంటే, ఆ మేరకు సరుకుని ఆపుకునే హక్కు ఫ్యాక్టరీకి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇస్తుంది. మీ బ్యాంకు హైపోథికేషన్ పత్రం ఆ హక్కుని తుడిచేయలేదు. కూలి లెక్క లాట్ లాట్‌కీ తేల్చుకుంటూ పోవాలి.

ఇన్సూరెన్సు పాలసీలో రెండు చిరునామాలూ ఉండాలి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస పక్కన తీరం దాటాయి. పాలసీలో పర్లాకిమిడి గోడౌన్ మాత్రమే రాసుండి, సరుకు కాశీబుగ్గ షెడ్డులో తడిస్తే క్లెయిము రాదు. అప్పు మాత్రం అలాగే ఉంటుంది. తుఫాను, వరద కవరు విడిగా ఉందో లేదో అడిగి చూడండి.

నెలనెలా స్టాక్ స్టేట్‌మెంటు

పత్రం ఎంత బాగా రాసినా ఖాతా చెడేది ఇక్కడే. బ్యాంకు మీకిచ్చేది లిమిట్ (మంజూరైన గరిష్ఠ మొత్తం) కాదు, డ్రాయింగ్ పవర్, అంటే ఉన్న సరుకునీ రావలసిన బాకీల్నీ బట్టి వాడుకోగలిగిన మొత్తం. లెక్క చూడండి. సరుకు నిల్వ 40 లక్షలు. అందులో ఇంకా డబ్బు కట్టని సరుకు 10 లక్షలు. మిగిలింది 30 లక్షలు. మార్జిన్, అంటే బ్యాంకు అప్పివ్వకుండా వదిలేసే వాటా, 25 శాతం తీస్తే 22.5 లక్షలు. రావలసిన బాకీల్లో 90 రోజులు దాటనివి 12 లక్షలు, వాటి మీద మార్జిన్ 40 శాతం అయితే 7.2 లక్షలు. మొత్తం 29.7 లక్షలు. మార్జిన్ శాతాలు బ్యాంకుని బట్టి మారతాయి, లెక్క తీరు ఇదే. మీ లిమిట్ 35 లక్షలున్నా వాడుకోగలిగింది 29.7 లక్షలే.

ఇప్పుడు తేమ సంగతి. మన దగ్గర పిక్కల బస్తా 80 కిలోలు. 500 బస్తాలు అంటే 40 టన్నులు. 12 శాతం తేమతో కొని, ఆరబెట్టి 8 శాతానికి తెస్తే మిగిలేది 38,261 కిలోలు. అంటే 1,739 కిలోలు, దాదాపు 22 బస్తాలు గాలిలో కలిసిపోయాయి. స్టేట్‌మెంటులో ఇంకా 500 అనే రాస్తూ ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి లెక్కపెట్టి 22 బస్తాలు దొంగచాటుగా అమ్మేశారని రాసుకుంటాడు. లాట్‌కి ఒక స్టాక్ కార్డు వేలాడదీయండి: వచ్చిన తేదీ, బస్తాలు, తూకం, తేమ, ఆరబెట్టాక మళ్ళీ తూకం, మళ్ళీ తేమ, తూచినవాడి సంతకం. పప్పు లెక్కకీ అంతే. పిక్క బరువులో పప్పు పావువంతుకి కాస్త అటూఇటూగా వస్తుంది. మరీ తేడా ఉంటే కారణం కార్డు మీదే రాయాలి.

స్టేట్‌మెంటు మూడు నెలలకన్నా పాతదైతే, దాని ఆధారంగా వాడిన డబ్బుని రిజర్వు బ్యాంకు నిబంధనలు క్రమం తప్పిన వాడకంగా లెక్కిస్తాయి. అలా 90 రోజులు నడిస్తే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. వడ్డీ సకాలంలో కడుతున్నా సరే.

గిడ్డంగి రసీదు

సరుకుని మీ గోడౌన్‌లో కాకుండా, గిడ్డంగుల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్‌ఏ దగ్గర నమోదైన గిడ్డంగిలో పెడితే సగం తలనొప్పులు తగ్గుతాయి. దీనికి సంబంధించిన 2007 నాటి గిడ్డంగుల చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. 2017 నుంచి రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో రిపాజిటరీ, అంటే రసీదులు భద్రపరిచే సంస్థలోని ఖాతాలోకి వస్తుంది. బ్యాంకు దాని మీద లీన్ (బాకీ తీరేదాకా ఆపుకునే హక్కు) వేస్తుంది. బాకీ తీరేదాకా గిడ్డంగివాడు సరుకు వదలడు. ఒకే సరుకుకి రెండు కాగితాలు పుట్టే వీలు లేదు. ఇలాంటి అప్పులకి హామీగా కేంద్రం 2024 డిసెంబరులో 1,000 కోట్ల నిధితో ఒక పథకం మొదలుపెట్టింది.

చూసుకోవలసినవి మూడు. మీ సరుకు డబ్ల్యూడీఆర్‌ఏ జాబితాలో ఉందా? ఆ గిడ్డంగి నమోదు గడువు ఇంకా ఉందా? రసీదు మీద నాణ్యత గడువు ఎప్పటివరకు? ఈ మూడోదాన్ని ఎవరూ చూడరు. గడువు దాటితే రసీదు ఉన్నా బ్యాంకు కొత్త అప్పివ్వదు. గిడ్డంగి అద్దె బాకీ మాత్రం అన్నిటికన్నా ముందు వసూలవుతుంది.

2024లో అన్‌సిట్రాల్, దేశాల ప్రైవేటు చట్టాల్ని దగ్గర చేసే రోమ్‌లోని సంస్థ యూనిడ్రాయిట్ కలిసి గిడ్డంగి రసీదుల మీద ఒక నమూనా చట్టం తెచ్చాయి. కాగితానికీ ఎలక్ట్రానిక్ రసీదుకీ ఒకే నియమాలు అందులో ఉన్నాయి. టాంజానియాలో 2007–08 సీజన్ నుంచే జీడిపిక్కల వేలం గిడ్డంగి రసీదుల మీద నడుస్తోంది. జీడి విషయంలో మనకన్నా వాళ్ళే ముందున్నారంటే ఒప్పుకోక తప్పదు.

ఆఫ్రికా పిక్కలు తెప్పించేవారు

ఇక్కడి ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా నడవాలంటే స్థానిక పంట చాలదు. ఐవరీ కోస్ట్, టాంజానియా, ఘనా నుంచి వస్తాయి. మీరు అడ్వాన్సు కట్టే సరుకు అక్కడి ఎగుమతిదారు బ్యాంకుకి ముందే తాకట్టులో ఉండొచ్చు. ఐవరీ కోస్ట్ ఓహడా అనే ఆఫ్రికా దేశాల వాణిజ్య చట్టాల కూటమిలో సభ్యదేశం. ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికాకి చెందిన 17 దేశాలకి ఓహడా ద్వారా తాకట్టు మీద ఒకే చట్టం ఉంది. 2010లో దాన్ని తిరగరాశారు. తాకట్టుల నమోదు అక్కడి వాణిజ్య రిజిస్టరులో ఉంటుంది. ఘనా 2008లో చట్టం చేసి, 2010లో తాకట్టుల రిజిస్ట్రీ తెరిచింది, 2020లో కొత్త చట్టం తెచ్చింది. అంటే రెండు చోట్లా వెతికే వీలుంది. మీ బ్రోకరుని సెర్చ్ రిపోర్టు అడగండి. సరుకు బ్యాంకు తరఫు కాపలాదారు గోడౌన్‌లో ఉంటే, విడుదల ఉత్తరం వచ్చాకే డబ్బు వదలండి. ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు పూచీ పత్రం) మీదైతే ఆ ఉత్తరాన్ని చూపవలసిన పత్రాల్లో ఒకటిగా చేర్పించండి.

ఖాతా చెడితే

ఎన్‌పీఏ అయ్యాక సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) నోటీసు వస్తుంది. 60 రోజుల గడువుంటుంది. అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. చాలామంది ఈ అభ్యంతరమే రాయరు, అక్కడే ఓడిపోతారు. స్వాధీనం చేసుకున్న సరుకుని అమ్మేముందు మళ్ళీ 30 రోజుల నోటీసు ఉండాలి. బాకీల వసూలు ట్రిబ్యునల్‌కి (డీఆర్‌టీకి) వెళ్ళడానికి 45 రోజులు. ఒడిశావారికి కటక్, ఆంధ్రవారికి విశాఖ. లక్ష రూపాయలు మించని అప్పుకీ, బాకీ 20 శాతం లోపుకి దిగిపోయినదానికీ ఈ చట్టం వర్తించదు.

బ్యాంకుకీ ఒక ముల్లు ఉంది. 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 26డి ప్రకారం, సెర్సాయ్‌లో నమోదు చేయని హక్కు మీద ఈ చట్టం కింద జప్తు చేసే వీలు లేదు. నమోదు చేస్తే మాత్రం 26ఇ కింద పన్ను బకాయిలకన్నా ముందు వరుసలో నిలబడుతుంది. నోటీసు రాగానే మీరు చేయవలసిన మొదటి పని సెర్సాయ్‌లో పది రూపాయలు పెట్టి, మీ సరుకు మీద బ్యాంకు నమోదు ఉందో లేదో, ఉంటే ఏ తేదీదో చూసుకోవడం.

మార్పు అడగాలంటే

వ్యాపారుల సంఘాలు, రైతు కంపెనీలు ‘చట్టం మార్చాలి’ అని తీర్మానం చేసి పంపితే ఎవరూ చదవరు. కేంద్రం 2014లో పెట్టుకున్న విధానం ప్రకారం కొత్త బిల్లుల ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. ఆ కిటికీ తెరుచుకున్నప్పటికి మీ కాగితం సిద్ధంగా ఉండాలి. సర్ఫేసీ, సెర్సాయ్ సంగతులు ఆర్థిక శాఖలోని ఆర్థిక సేవల విభాగానికి, గిడ్డంగుల సంగతి ఆహార, ప్రజాపంపిణీ విభాగానికి వెళ్ళాలి.

అడిగేది చిన్నదిగా, కచ్చితంగా ఉండాలి. ఉదాహరణకి: ఒకే పాన్ కొట్టగానే సెర్సాయ్, ఎంసీఏ, వాహన్, గిడ్డంగి లీన్‌లు నాలుగూ ఒకే తెర మీద రావాలి. దీనికి ఆధారంగా 2016 నమూనా చట్టాన్నీ, దాన్ని అమలుచేయడానికి 2017లో వచ్చిన మార్గదర్శినీ చూపండి. రెండూ అన్‌సిట్రాల్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. భారత్ అన్‌సిట్రాల్‌లోనూ యూనిడ్రాయిట్‌లోనూ సభ్యదేశమే కాబట్టి ఇదేదో పరాయి చట్టమని తోసిపుచ్చలేరు.

అలాగని నమూనాలో ఉన్నదంతా తెమ్మని అడగకండి. అప్పిచ్చినవాడు కోర్టుతో పని లేకుండా సరుకు తీసుకుపోయే వీలు దాంట్లో ఉంది. అప్పుదారు ఎదురుచెప్పకూడదన్నది దానికున్న షరతుల్లో ఒకటి. ఏజెన్సీ ఊళ్ళో షావుకారు నలుగురిని వెంటేసుకుని వస్తే ఎదురుచెప్పేదెవరు? రిజిస్ట్రీ కావాలి, ఇది వద్దు అని విడదీసి రాయండి.

కాగితం మూడు పేజీలు దాటనివ్వకండి. దానికి జతచేసే విడి పేజీలో, ఒకే మనిషిని ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, చివర పెట్టి ఒకసారి వెతికితే వచ్చిన రెండు సెర్చ్ రిపోర్టుల్నీ, అతని అనుమతితో, పక్కపక్కన అతికించండి.